సరిహద్దు జిల్లాల గుర్రాలకు ముందుగా ఏ పరిశోధన కావాలి?

1. గోదావరి గట్టు (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. నేను పశువైద్యశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విరమించాను. ఇప్పుడు ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి దగ్గరలో ఉంటున్నాను. పోయిన వర్షాకాలం చివర, మా ఊరి బయట మకాం వేసిన గొర్రెల కాపరుల దగ్గర సామాను మోసే ఆడగుర్రం ఒకటి జబ్బుపడింది. మూడు రోజులు జ్వరం, వారం రోజులు నెమ్మది, మళ్లీ జ్వరం. కాళ్లకూ పొట్ట కిందా నీరు దిగింది. మేత తింటూనే ఎముకలు తేలింది. దగ్గరలోని వైద్యశాలకు రెండుసార్లు నడిపించుకుపోతే రెండుసార్లూ జ్వరం తగ్గే సూదే వేశారు. ఒక్క రక్తపు చుక్క గాజుపలక మీద పెట్టి చూసినవారు లేరు. నా దగ్గరకు తెచ్చేసరికి అది నిలబడి తూలుతోంది. పాత సూక్ష్మదర్శిని బయటికి తీసి చూస్తే రక్తకణాల మధ్య సుర్రా అనే జబ్బు క్రిములు ఈదుతూ కనిపించాయి. మందు తెప్పించేలోపే గుర్రం చనిపోయింది.

సుర్రాను పుట్టించే ట్రిపనోసోమా ఇవాన్సి అనే క్రిమిని గ్రిఫిత్ ఇవాన్స్ 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్ దగ్గర గుర్రాల, ఒంటెల రక్తంలో కనుగొన్నాడు. నూట నలభై ఏళ్లు దాటినా మా ఊరి గుర్రం అదే జబ్బుతో, ఏ జబ్బో సమయానికి ఎవరికీ తెలియక చనిపోయింది. ప్రపంచంలో గుర్రాల మీద జరిగే పరిశోధనలో పెద్ద భాగం పందెపు గుర్రాల, క్రీడల గుర్రాల చుట్టూ తిరుగుతుంది. ఆ పరిశోధనను నేను తక్కువ చేయడం లేదు. అయితే బరువులు మోసే గుర్రం, పెళ్లి ఊరేగింపు గుర్రం, ఇటుక బట్టీలో తిరిగే కంచరగాడిద ఆ పరిశోధనల జాబితాలో ఎక్కడో చివరన ఉంటాయి. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో మిగిలిన గుర్రాలు సుమారు 3.4 లక్షలు. 2012తో పోలిస్తే ఇది 45 శాతానికి పైగా తగ్గుదల. గాడిదలు 61 శాతం తగ్గాయి. సంఖ్య తగ్గేకొద్దీ పట్టించుకునే చేతులూ తగ్గుతాయి.

డబ్బు, మనుషులు, సమయం మూడూ కొద్దిగానే ఉన్నప్పుడు మహారాష్ట్ర, ఒడిశాల్లో తెలుగు నేలను ఆనుకున్న మన జిల్లాల గుర్రాల ఆరోగ్యానికి, సుఖానికి శాస్త్రజ్ఞులు ముందుగా ఏ ప్రశ్నలు తీసుకోవాలి? కోరికల పట్టిక కాకుండా, ఎందుకు ముందో కారణంతో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

2. రాజురా రైతు (చంద్రపూర్ జిల్లా)

గట్టు గారూ, మీరు సుర్రా పేరు ఎత్తారు కాబట్టి మా జిల్లాలో జరిగిన సంగతి ఇక్కడ చెప్పి తీరాలి. సుర్రా మనుషులకు రాదని చాలాకాలం నమ్మారు. మన రక్తంలో ఉండే ఒక మాంసకృత్తు ఆ క్రిమిని చంపివేస్తుంది కాబట్టి ఆ నమ్మకానికి ఆధారం ఉంది. కాని 2004లో చంద్రపూర్ జిల్లాకు చెందిన ఒక రైతుకు విడిచి విడిచి జ్వరం వస్తుంటే రక్తపరీక్షలో ఈ క్రిమి కనిపించింది. మనిషిలో ఈ జాతి క్రిమిని నిస్సందేహంగా నిర్ధారించిన మొదటి సంఘటనగా వైద్యులు దానిని నమోదు చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో సురామిన్ అనే మందు తెప్పించి ఇస్తే ఆయన కోలుకున్నాడు. తరువాత పరిశోధిస్తే, ఏపోఎల్1 అనే ఆ రక్షక మాంసకృత్తు పుట్టుకతోనే ఆయన రక్తంలో లేదని తేలింది. ఆయన గ్రామంలో 1,806 మందిని పరీక్షించినప్పుడు కొందరి రక్తంలో ఆ క్రిమికి ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) కనిపించాయి. క్రిమి మాత్రం ఎవరిలోనూ దొరకలేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గుర్రం దగ్గర, ఎద్దు దగ్గర, మనిషి దగ్గర సుర్రాను మోసే ఒకే జోరీగ వాలే ఊళ్లలో సుర్రా పరిశోధనే మొదటిది కావాలి. ఏ నెలలో జోరీగలు ఎక్కువ, ఏ చెరువు గట్టున ఎక్కువ, లక్షణాలు లేకుండా క్రిమిని దాచుకున్న గేదెలు ఎన్ని ఉన్నాయి అన్నవి తేలకుండా గుర్రానికి సూది వేస్తూ పోవడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

3. పర్లా పశువైద్యురాలు (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

గట్టు గారికి, రాజురా రైతు గారికి నమస్కారం. సుర్రా ప్రాధాన్యాన్ని పూర్తిగా ఒప్పుకుంటున్నాను. కాని మొదటి ప్రశ్న క్రిమి గురించి కాదు, నిర్ధారణ గురించి అని నా అభిప్రాయం. గట్టు గారి గుర్రం మందు లేక చనిపోలేదు. సుర్రాకు క్వినాపైరమిన్ అనే మందు ఎప్పటినుండో ఉంది. జబ్బు పేరు సమయానికి తెలియక చనిపోయింది. గాజుపలక పరీక్షలో జ్వరం ఉన్న రోజున క్రిమి కనిపించవచ్చు, జ్వరం తగ్గిన రోజున కనిపించకపోవచ్చు. ప్రతిరక్షకాల పరీక్ష అయితే పాత సోకుడుకూ కొత్త సోకుడుకూ తేడా సులువుగా చెప్పదు. అందువల్ల గుర్రం పక్కనే నిలబడి, కరెంటు లేకుండా, అరగంటలో ఫలితం చూపే పరీక్ష కావాలి. ఆ పరీక్షను నగరంలోని ప్రయోగశాలలో మాత్రమే కాక మే నెల ఎండలో, జూలై తేమలో కూడా సరిచూడాలి.

గ్లాండర్స్‌కూ ఇదే మాట వర్తిస్తుంది. ఇది బర్ఖోల్డేరియా మల్లై అనే బాక్టీరియా వల్ల గుర్రాలకు వచ్చి మనుషులకూ సోకే ప్రాణాంతక వ్యాధి. ముక్కులో పుండ్లు, చిక్కని చీమిడి, కాళ్ల లోపలివైపు గొలుసుకట్టు కాయలు దీని గుర్తులు. 1899 నుండే దీనికి ప్రత్యేక చట్టం ఉండేది. ఇప్పుడు 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం కిందికి వచ్చింది. మన దేశంలో చాలాకాలం సద్దుమణిగి ఉండి, 2006లో మహారాష్ట్రలోనే మళ్లీ తలెత్తింది. 1985లో హిసార్‌లో ఏర్పడిన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దీనికి హెచ్‌సీపీ1 అనే మాంసకృత్తు ఆధారంగా ఎలీసా అనే, రక్తంలో ప్రతిరక్షకాలను వెతికే పరీక్షను రూపొందించింది. అది మన శాస్త్రజ్ఞుల గొప్ప పని. కాని మా గజపతి కొండల నుండి రక్తనమూనా హిసార్ చేరడమంటే దేశాన్ని సగం దాటడమే. ఫలితం వచ్చేదాకా ఆ గుర్రం ఎక్కడ ఉండాలి, దాని యజమాని ఏమి తినాలి అన్నది కూడా పరిశోధనలో భాగమే.

మరొక చిన్న సంగతి. 2016లో మల్కన్‌గిరిలో మెదడువాపుతో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. కొన్ని మరణాలకు జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్, మరికొన్నింటికి కసివింద గింజల విషం కారణమని నిపుణులు చెప్పారు. ఆ వైరస్ గుర్రాలకూ సోకుతుంది, కాని గుర్రం నుండి దోమ ద్వారా ముందుకు పాకదు. కాబట్టి ఏటా వానలకు ముందూ తరువాతా కొన్ని గుర్రాల రక్తం పరీక్షిస్తే వైరస్ ఆ లోయలో తిరుగుతోందో లేదో పిల్లలు జబ్బుపడకముందే తెలిసే అవకాశం ఉంది. గుర్రానికీ మేలు, ఊరికీ మేలు.

4. దెగ్లూర్ జీను (నాందేడ్ జిల్లా)

పెద్దలకు నమస్కారం. మా ఇంట్లో మూడు తరాలుగా గుర్రాలు ఉన్నాయి. ఇప్పుడు రెండు పెళ్లి గుర్రాలు, ఒక బండి గుర్రం ఉన్నాయి. చదువు పెద్దగా లేదు, అందువల్ల తప్పుంటే మన్నించండి. మీరంతా చెప్పినది చదివాక ఒక మాట చెప్పాలనిపించింది. మీ ప్రశ్నలన్నీ చావు గురించే ఉన్నాయి. నా గుర్రం చావకుండా ఉన్న మూడు వందల అరవై రోజుల గురించి ఎవరూ అడగలేదు.

మార్గశిరంలో మా జిల్లా మాళేగావ్ ఖండోబా యాత్రకు ఏటా పోతాను. గుర్రాల, గాడిదల పెద్ద సంత అది. అక్కడ గుర్రాన్ని కొనేవాడు పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, నడక చూస్తాడు. గిట్ట ఎత్తి అడుగుభాగం చూసేవారు చాలా తక్కువ. గిట్ట నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆరు, ఎనిమిది వారాలకు ఒకసారి చెక్కించాలి. మా నాన్నగారి కాలంలో దెగ్లూర్‌లో లాడాలు కొట్టేవారు మూడు ఇళ్లవారు ఉండేవారు. ఇప్పుడు ఒక్కరే ముసలాయన ఉన్నారు, వారి పిల్లలు వేరే పనుల్లోకి వెళ్లారు. ఆయన పోయాక నా గుర్రం గిట్ట ఎవరు చూస్తారు? సిమెంటు దారి మీద, తారు మీద రాత్రంతా నిలబడే గుర్రానికి ఇనుప లాడం మంచిదా, రబ్బరుది మంచిదా, లాడమే లేకపోతే మంచిదా? ఈ ప్రశ్నకు నాకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇంకొకటి. పెళ్లి గుర్రం సాయంత్రం ఐదింటికి అలంకరణతో నిలబడితే అర్ధరాత్రి దాటాక విడుదల. అంతసేపూ పచ్చిక లేదు, ఎదురుగా డీజే పెట్టెలు. గుర్రానికి కూడా మాలాగే గుండె అదురుతుందేమో కొలిచి చెప్పండి. కొలిచి అంకె చూపిస్తే పెళ్లివారితో మాట్లాడే ధైర్యం నాకు వస్తుంది. ఊరికే నోటిమాటగా చెబితే ఇంకొకరి గుర్రాన్ని పిలుచుకుంటారు.

గ్లాండర్స్ గురించి అమ్మగారు రాశారు. మాలో చాలామందికి పరీక్ష అంటే భయం. జబ్బు తేలితే గుర్రాన్ని చంపుతారు. ప్రభుత్వం పరిహారం ఇస్తుంది, కాని మంచి పెళ్లి గుర్రం ఖరీదుకు అది సరిపోదు. అందుకే చీమిడి కారుతున్న గుర్రాన్ని రాత్రికి రాత్రి జిల్లా దాటించేవారు ఉన్నారు. నేను తప్పు అంటున్నాను, కాని వారి ఇంటి పొయ్యి కూడా నాకు తెలుసు.

5. గోదావరి గట్టు

దెగ్లూర్ తమ్ముడూ, చదువు లేదని నీవు అనుకున్నా ఈ చర్చకు కావలసిన మాట నీవే చెప్పావు. పరిహారం ఎంత ఉంటే రోగం దాచకుండా చెబుతారు అన్నది ఆర్థికశాస్త్రం అడగవలసిన ప్రశ్న. దానికి జవాబు లేకుండా ఎంత మంచి ఎలీసా అయినా నమూనా దొరకక అలమారలో కూర్చుంటుంది. బ్రిటన్‌లో 2004 నుండి జేమ్స్ లిండ్ కూటమి అనే ఏర్పాటు ఉంది. మనుషుల వైద్యంలో ఏ పరిశోధన ముందు జరగాలో రోగులు, వారిని చూసుకునే ఇంటివారు, వైద్యులు కలిసి కూర్చుని నిర్ణయిస్తారు. గుర్రం నోరు విప్పి చెప్పలేదు కాబట్టి దానితో తెల్లవారినుండి రాత్రిదాకా గడిపే మనిషిని ఆ వరుసలో ముందు కూర్చోబెట్టాలి.

6. జయపురం కొండదారి (కొరాపుట్ జిల్లా)

నేను బడిపంతులును. మా వైపు, దాటితే పాడేరు, పెదబయలు ఏజెన్సీ వైపు, వాహనం ఎక్కలేని దారుల్లో పొట్టిగుర్రాలే సరుకు మోస్తాయి. రేషన్ బియ్యం, కాఫీ గింజలు, పసుపు, ఒక్కోసారి జబ్బుపడిన మనిషి. వాటి వీపు మీద జీను కింద పుండ్లు నేను చూడని వారం లేదు. పుండు మానకముందే మళ్లీ గోనె ఎక్కుతుంది. ఈ పుండ్లకు పరిశోధన అవసరమా, శుభ్రత చాలదా అని ఎవరైనా అడగవచ్చు. అవసరమే. కొండ ఎక్కేటప్పుడు బరువు వెనక్కి, దిగేటప్పుడు ముందుకు జారుతుంది. మైదానంలో తయారైన జీను కొలత ఇక్కడ పనికిరాదు. స్థానికంగా దొరికే గడ్డి, గోనె, పాత దుప్పటితో ఏ రకం మెత్త వేస్తే ఒత్తిడి ఎక్కడ పడుతుందో కొలిచి చూపాలి.

బరువు సంగతి మరీ ముఖ్యం. గుర్రం ఎంత మోయాలన్నది దాని సొంత బరువును బట్టి ఉంటుంది. పాడేరు గుర్రాన్ని తూచే కాటా ఎక్కడుంది? దీనికి శాస్త్రం ఇచ్చిన సులువైన దారి ఒకటి ఉంది. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు ఎముక నుండి పిరుదు చివరి ఎముక దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో తీసుకోవాలి. చుట్టుకొలతను అదే సంఖ్యతో హెచ్చవేసి, దానిని పొడవుతో హెచ్చవేసి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టుకొలత 150, పొడవు 130 ఉన్న గుర్రం సుమారు 246 కిలోలు. నేను ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కల పాఠంగా ఇది చేయించాను. పిల్లలు ఎంతో ప్రేమగా కొలిచారు. కాని ఈ సూత్రం పెద్దజాతి గుర్రాల కొలతల నుండి పుట్టింది. మన పొట్టి కొండగుర్రానికి ఎంత సరిపోతుందో సరిచూడడం ఒక్క కాటా, ఒక్క వేసవి సెలవు చాలినంత చిన్న పరిశోధన. ఫలితం వేల వీపులకు చేరుతుంది.

7. పర్లా పశువైద్యురాలు

పంతులుగారూ, మీ పిల్లలకు నా అభినందనలు. మందు మోతాదు కూడా బరువు మీదే ఆధారపడుతుంది కాబట్టి ఆ సూత్రాన్ని సరిదిద్దితే వైద్యులకూ అంతే మేలు.

ఇప్పుడు మేత సంగతి రాస్తాను. నేను చూసే గుర్రాల్లో అన్నిటికన్నా ఎక్కువ బాధ అక్కడే పుడుతోంది. గజపతి, గంజాం, రాయగడ వరి పండే జిల్లాలు. తవుడు చవక, కాబట్టి గుర్రానికి తవుడు. తవుడులో సున్నం (కాల్షియం) కన్నా భాస్వరం (ఫాస్ఫరస్) పది రెట్లకు పైగా ఎక్కువ. గుర్రానికి సున్నం కనీసం భాస్వరంతో సమానంగా, వీలైతే దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఆ లోటును శరీరం ఎముకల నుండి సున్నం తీసి పూడ్చుకుంటుంది. కొన్ని నెలల్లో దవడ ఎముకలు ఉబ్బి ముఖం లావెక్కుతుంది, గుర్రం చోటు మార్చుకుంటూ కుంటుతుంది. జనం దానిని వాతమనో, దెబ్బ అనో అనుకుంటారు. దీనికి తోడు పాల పశువుల కోసం పంచిన హైబ్రిడ్ నేపియర్ గడ్డి ఉంది. అందులోని ఆక్సలేట్ సున్నాన్ని పట్టుకుని గుర్రానికి అందకుండా చేస్తుంది. ఆవుకు దాని కడుపులోని సూక్ష్మజీవులు ఆ ఆక్సలేట్‌ను చాలావరకు విరగగొట్టి పెడతాయి, గుర్రానికి ఆ రక్షణ అంతగా లేదు. తవుడూ నేపియరూ కలిస్తే దెబ్బ రెండింతలు.

మన పెద్దలు గుర్రానికి గుగ్గిళ్లు పెట్టేవారు. ఉలవల్లో సున్నం ధాన్యాల కన్నా ఎంతో ఎక్కువ. ఉడికించి ఎంత పెట్టాలి, తవుడులో ఎంత సున్నపురాయి పొడి కలపాలి, నేపియర్‌ను ఏ వయసులో కోస్తే ఆక్సలేట్ తగ్గుతుంది అన్నవి మా దగ్గర దొరికే మేతలను పరీక్షించి చిన్న పట్టికగా ఇస్తే చాలు. గరివిడి పశువైద్య కళాశాల మాకు కొండ దిగితే దగ్గరే. అక్కడి విద్యార్థులకు ఇది మంచి పరిశోధన అంశమవుతుంది.

దెగ్లూర్ అన్నగారికి ఒక మాట. గుర్రం కడుపులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది, నమిలినప్పుడు ఊరే లాలాజలమే దానికి విరుగుడు. ఏడెనిమిది గంటలు ఖాళీ కడుపుతో నిలబెడితే కడుపులో పుండ్లు పడతాయి. ఊరేగింపుకు ముందు ఎండుగడ్డి తినిపించండి, మధ్యలో వీలైనప్పుడు ఒక పిడికెడు ఇవ్వండి. దీనికి కొత్త పరిశోధన అక్కరలేదు, ఇప్పటికే తేలిన విషయం.

8. రాజురా రైతు

మేత మాట వచ్చింది కాబట్టి మా వైపు సంగతి కూడా చేర్చండి. గడ్చిరోలి, చంద్రపూర్, గోండియా వైపు వరి కోతల తరువాత లాఖోళి చల్లుతారు. మన వాళ్లు కేసరి పప్పు అంటారు. అందులోని ఓడాప్ అనే విషపదార్థం మనుషుల కాళ్లను చచ్చుబరుస్తుందని అందరికీ తెలుసు. గుర్రాలు దానికి ఇంకా సున్నితం. గొంతులోని నరం దెబ్బతిని, పరుగెత్తితే శ్వాస పెద్ద చప్పుడుతో లాగుతాయి. ఓడాప్ తక్కువ ఉన్న రతన్, మహాతేవ్డా వంటి రకాలు వచ్చాయి. వాటి పొట్టు, ఆకు గుర్రానికి క్షేమమా, ఎన్ని నెలలు పెట్టవచ్చు అన్నది మా జిల్లాలో ప్రతి గుర్రపువాడూ అడగవలసిన ప్రశ్న.

ఎండ గురించి చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. బరువులు లాగే, మోసే పశువుల కోసం 1965లో చేసిన నియమాల ప్రకారం, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుండి 3 గంటల వరకు పశువును పనిలో పెట్టకూడదు. రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించకూడదు. మాకు మే నెలలో 46 డిగ్రీలు కూడా వింత కాదు. సాయంత్రం ఐదింటికి కూడా 42 ఉంటుంది. పన్నెండు నుండి మూడు అన్న గీత అక్కడ గుర్రాన్ని కాపాడదు. ఉష్ణోగ్రతతో పాటు గాలిలో తేమను కూడా లెక్కించి, ఏ స్థాయిలో ఏ బరువుతో ఎంతసేపు అన్నది మన గుర్రాల మీద కొలిచి ఆ నియమాన్ని తిరగరాయాలి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు, వేడెక్కిన గుర్రం మీద చన్నీళ్లు ధారగా పోస్తే కండరాలు పట్టేస్తాయన్న భయం నిజం కాదని శాస్త్రజ్ఞులు పరీక్షించి చూపారు. ముప్పై ఏళ్లవుతున్నా మా ఊళ్లో ఇప్పటికీ "వేడి గుర్రం మీద నీళ్లు పోయకు, పక్షవాతం వస్తుంది" అనే అంటారు. తేలిన విషయం మాకు ఎందుకు చేరలేదు అన్నదానిపైన కూడా పరిశోధన జరగాలి.

9. దెగ్లూర్ జీను

నేనూ నీళ్లు పోయనివాళ్లలోనే ఉన్నాను. మా తాత చెప్పింది అది. ఈ వేసవి నుండి పోస్తాను. చెమట పట్టాక నీళ్లలో ఉప్పు కలపవచ్చా అన్నది కూడా ఎవరైనా చెప్పండి.

మరొక సందేహం. నొప్పి ఉందో లేదో గుర్రం ముఖం చూసి చెప్పవచ్చని ఒక వైద్యుడు ఒకసారి అన్నారు. అది నిజమా?

10. పర్లా పశువైద్యురాలు

నిజమే. 2014లో ఇటలీ శాస్త్రజ్ఞుల నేతృత్వంలో వెలువడిన పద్ధతి అది. చెవులు వెనక్కి బిగించడం, కంటిపై రెప్ప సగం దిగడం, కంటి పైన ఎముక తేలినట్లు కనిపించడం, దవడ కండరం బిగియడం, మూతి బిగబట్టి గడ్డం తేలడం, ముక్కురంధ్రాలు బిగిసి పక్కనుండి ముక్కు చదునుగా కనిపించడం అనే ఆరు గుర్తులకు ఒక్కోదానికి సున్నా నుండి రెండు దాకా మార్కులు వేస్తారు. అలాగే శరీర పుష్టిని 1 నుండి 9 దాకా అంచనా వేసే హెన్నెకె పద్ధతి 1983 నుండి ఉంది. ఈ రెండూ మన దగ్గర కళ్లెం, ముఖపట్టీ, పూసల అలంకరణ ఉన్న గుర్రం మీద, రోజంతా పనిచేసి డస్సిన గుర్రం మీద ఎంత నమ్మకంగా పనిచేస్తాయో చూడాలి. అలసటను నొప్పిగా, నొప్పిని మొండితనంగా పొరబడే ప్రమాదం ఉంది. ఇక ఉప్పు సంగతి. గుర్రం చెమటలో మన చెమటకన్నా ఉప్పు ఎక్కువ పోతుంది. దాణాలో ఉప్పు కలపండి, నీళ్లు మాత్రం ఉప్పు కలపనివి ఎప్పుడూ పక్కన ఉంచండి. ఉప్పునీళ్లే ఉంటే కొన్ని గుర్రాలు తాగడమే మానేస్తాయి.

11. బరంపురం ఔషధం (గంజాం జిల్లా)

నేను మందుల దుకాణం నడుపుతాను. గుర్రాలతో నాకు నేరుగా సంబంధం లేదు, కాని ఒక అప్పు ఉంది. మా అక్క కొడుకును పొలంలో రక్తపింజరి కాటేసినప్పుడు బతికించినది గుర్రం రక్తం నుండి తీసిన విరుగుడు మందు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలను కొద్ది కొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలను శుద్ధి చేసి ఆ మందు చేస్తారు. పాముకాట్లు ఎక్కువగా ఉండే మన అడవి జిల్లాలన్నీ ఆ గుర్రాల మీద ఆధారపడి ఉన్నాయి. సూది వేసిన చోట గడ్డలు కట్టకుండా విషాన్ని ఎక్కించే పద్ధతి, తీసిన రక్తంలో ఎర్రకణాలను తిరిగి గుర్రానికే ఎక్కించడం, ఎన్ని వారాల విరామం ఉంటే గుర్రం నిజంగా కోలుకుంటుంది అన్న లెక్క, చివరికి గుర్రమే అవసరం లేకుండా ప్రయోగశాలలో ప్రతిరక్షకాలను తయారుచేయడం, ఇవన్నీ పరిశోధించవలసినవే. పరిశోధనల జాబితాలో ఈ గుర్రాలు మరుగునపడకూడదని నా విన్నపం.

నా వృత్తి నుండి రెండు హెచ్చరికలు. కోళ్ల దాణాలో కలిపే మోనెన్సిన్ గుర్రం గుండె కండరాన్ని చంపుతుంది. కిలో శరీర బరువుకు 2, 3 మిల్లీగ్రాములే ప్రాణం తీస్తాయి. మిగిలిన కోళ్ల దాణాను గుర్రానికి ఎన్నడూ పెట్టకండి. రెండోది, అందరూ మూడు నెలలకొకసారి ఒకే నులిపురుగుల మందు కొనుక్కుపోతారు. చాలా దేశాల్లో గుర్రాల చిన్న స్ట్రాంగైల్ పురుగులు ఆ మందులకు లొంగడం మానేశాయి. మందలో కొద్ది గుర్రాలే ఎక్కువ గుడ్లు విసర్జిస్తాయి కాబట్టి పేడ పరీక్షించి వాటికే మందు వేయడం మంచిదని శాస్త్రం చెబుతోంది. మన జిల్లాల్లో ఏ మందు ఇంకా పనిచేస్తోందో చూసేందుకు పేడ, సూక్ష్మదర్శిని, ఓపిక చాలు.

12. గోదావరి గట్టు

ఔషధం గారూ, నొప్పి మందుల గురించి ఒక్క వాక్యం నేను చేరుస్తాను. రాబందులను చంపుతున్నందుకు పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో నిషేధించారు. మా గడ్చిరోలిలో అటవీ శాఖ రాబందుల కోసం కళేబరాలు ఉంచే చోట్లు నడిపింది. కాబట్టి గుర్రానికి నొప్పి తగ్గించే ఏ కొత్త మందునైనా, ఆ గుర్రం చనిపోయాక తినే పక్షికి కూడా క్షేమమో కాదో చూసి ఎంచాలి.

ఇంతవరకు చదివినదానిని బట్టి నేను నా మొదటి అభిప్రాయాన్ని మార్చుకుంటున్నాను. సుర్రానే ముందు అనుకుని వచ్చాను. ఇప్పుడు మేత, గిట్ట, వీపు, ఎండ అనే నాలుగింటిని ముందు పెడతాను. ఇవి ప్రతి గుర్రాన్నీ ప్రతిరోజూ బాధిస్తాయి, తక్కువ ఖర్చుతో తేలుతాయి, ఫలితం మరుసటి నెలలోనే యజమాని చేతికి వస్తుంది. వాటి వెంటనే గుర్రం పక్కన చేసే సుర్రా, గ్లాండర్స్ పరీక్షలు, వాటితో ముడిపడిన పరిహారం లెక్క.

13. పర్లా పశువైద్యురాలు

గట్టు గారూ, గౌరవంతోనే విభేదిస్తున్నాను. రోజువారీ బాధను కొలమానంగా తీసుకుంటే ఇంకా రాని వ్యాధి ఎప్పటికీ చివరికే పోతుంది. ఆఫ్రికా గుర్రపు జ్వరం 1959-61 మధ్య పశ్చిమాసియా మీదుగా మన దేశం దాకా వచ్చి మూడు లక్షలకు పైగా గుర్రాలను, గాడిదలను, కంచరగాడిదలను బలి తీసుకుంది. 1960ల తరువాత మన దేశంలో లేదు. కాని 2020లో థాయిలాండ్‌లో హఠాత్తుగా బయటపడి అయిదు వందలకు పైగా గుర్రాలు చనిపోయాయి. దానిని మోసే క్యూలికాయిడిస్ జాతి, దోమలాంటి చిన్న కుట్టే ఈగలే మన గొర్రెలకు నీలినాలుక వ్యాధి తెచ్చేవి. అంటే ఆ వైరస్‌కు కావలసిన వాహనం మన ఊళ్లలో ముందే సిద్ధంగా ఉంది. ఆ చిన్న ఈగలు ఎక్కడ, ఎప్పుడు పెరుగుతాయో గొర్రెల కోసం చేసే సర్వేలోనే గుర్రపుశాలల దగ్గర కూడా రెండు దీపపు ఉచ్చులు పెడితే అదనపు ఖర్చు దాదాపు లేదు. దీనిని చివర పెట్టవద్దు, పక్కన నడిపించమని కోరుతున్నాను.

14. గోదావరి గట్టు

ఒప్పుకుంటున్నానమ్మా. రాజురా రైతు గారు అడిగిన జోరీగల లెక్కకు కూడా ఆ మనుషులే, ఆ ప్రయాణమే సరిపోతాయి. ఆ చిన్న ఈగకు దీపపు ఉచ్చు, జోరీగకు పగటిపూట నీలిగుడ్డ ఉచ్చు పక్కపక్కనే పెట్టవచ్చు.

15. జయపురం కొండదారి

వేసవి సెలవుల్లో మా పిల్లలు కొలిచిన పదకొండు గుర్రాల కొలతల పుస్తకం నా దగ్గర ఉంది. ఎవరైనా పశువైద్య విద్యార్థి కాటాతో వస్తే దారి చూపించి, గుర్రపువాళ్ల భాషలో మాట్లాడి ఒప్పించే బాధ్యత నాది. పోలీసులో, పన్నులవారో అనుకుని వాళ్లు భయపడకుండా మొదటి రోజు మందు పెట్టె, పుండ్లకు కట్టు గుడ్డలు తీసుకుని రావాలి. కొలత టేపు రెండో రోజు బయటికి తీద్దాం.

16. దెగ్లూర్ జీను

మాళేగావ్ యాత్రలో నా మకాం పక్కన ఒక బల్ల వేసుకోవచ్చు. ఉద్‌గీర్ పశువైద్య కళాశాల మాకు దగ్గర, అక్కడివారు వస్తే యజమానులను నేను ఒక్కొక్కరినే పిలుచుకు వస్తాను. గిట్ట ఎత్తి చూడడానికి, దవడ తడిమి చూడడానికి, ఛాతీ కొలవడానికి మావాళ్లు ఒప్పుకుంటారు. రక్తం మాత్రం మొదటి ఏడు అడగకండి. అడిగితే సంత సగం ఖాళీ అవుతుంది. ముందు ఏడు గిట్ట, మేత చూసి చెప్పింది పనిచేస్తే, రెండో ఏడు రక్తం వాళ్లే ఇస్తారు. ప్రశ్నల కాగితం మరాఠీలో, తెలుగులో రెండింటిలోనూ పెద్ద అక్షరాలతో ఉండాలి. మా లాడాల పెద్దాయనను కూడా ఆ బల్ల దగ్గర కూర్చోబెడతాను. ఆయన చెక్కేటప్పుడు ఎవరైనా వీడియో తీసి ఉంచండి.